జూలై ఒకటి లోపు

ఆ రోజు కూడా దీపం కీర్తికే వెలిగించింది.

హాల్లో సోఫా మీద ఫోను పట్టుకుని పేపరు చదువుతున్నట్టు నటిస్తున్న మధుసూదనరావు అది చూసి కళ్ళు మూసుకున్నాడు. తెల్లవారుజామున అయిదున్నర. సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లో ఏడయితే గానీ వెలుగు రాదు. కిటికీలోంచి చూస్తే దూరంగా మలేషియాకి వెళ్ళే జొహోర్ వంతెన మీద మోటారు సైకిళ్ళ దీపాలు బారులు తీరి ఉన్నాయి. వంటింటి పక్కన దేవుడి గూడు ముందు కూతురు నిలబడి ఉంది. తడిజుట్టుకి తువ్వాలు, చేతిలో అగ్గిపుల్ల. డెబ్బై రెండేళ్ళ వాడు, ముప్ఫై ఆరేళ్ళు పంతులుద్యోగం వెలగబెట్టినవాడు, ఇంట్లో ఎవరు దీపం పెడుతున్నారా అని దొంగచూపులు చూడాల్సిన గతి పట్టింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆయన భార్య కమలాదేవి తన పుట్టింటి నుంచి తెచ్చుకుని కూతురికి అంటించినది. బయట ఉన్న మూడు రోజులూ ఆడవాళ్ళు దీపం ముట్టుకోరు. సింగపూర్ వచ్చి పదకొండేళ్ళయినా, తొమ్మిదో అంతస్తులో కాపురం ఉంటున్నా, బ్యాంకులో పదిమంది మీద పెత్తనం చేస్తున్నా, కీర్తిక ఆ ఒక్క పద్ధతీ వదల్లేదు. ఆ మూడు రోజులూ కమలాదేవి వెలిగిస్తుంది. అంచేత కూతురికి నెలసరి వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఆ తండ్రికి దీపం ఒక్కటే ఆధారం. నోరు తెరిచి అడిగే మాట కాదు. పైగా కూతురు ఆయనతో మాట్లాడి పదకొండు రోజులైంది.

ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో అందరూ నెలనెలా అది రాకూడదని మొక్కుకున్నారు. ఇప్పుడు తొందరగా రావాలని మొక్కుకుంటున్నారు. వినే దేవుడికి కూడా తికమకగానే ఉండి ఉంటుంది.

ఆ వేళ జూన్ ఇరవై ఏడు. అల్లుడు శశికాంత్ పనిచేసే కంపెనీ ఈ ఏడాదే ఉద్యోగుల ఇన్సూరెన్సులో సంతానం కోసం చేయించుకునే చికిత్సను చేర్చింది. ఒక్కసారికి, మొత్తం ఖర్చు వాళ్ళదే. షరతు ఒకటే. చికిత్స మొదలయ్యే రోజుకి భార్యకి నలభై నిండకూడదు. మొదలవడం అంటే నెలసరి రెండో రోజున ఆసుపత్రిలో చేసే మొదటి స్కానింగు. పాస్‌పోర్టు ప్రకారం కీర్తికకి జూలై ఒకటిన నలభై నిండుతాయి. అంటే ముప్ఫయ్యో తారీఖు సాయంత్రంలోగా ఆ స్కానింగు జరగాలి. దానికి ఇరవై తొమ్మిదికల్లా నెలసరి రావాలి. ఏ నెలా గడువు తప్పనిది, ఈ నెలే మొరాయించింది.

మొదటిసారి చికిత్స, జీతంలోంచి వైద్యానికి పక్కన పెట్టే మెడిసేవ్‌లో ఉన్నదానితో అయింది. రెండోసారికి, పెద్ద ఫ్లాటు కొనాలని దాచుకున్నదంతా పోసేశారు. రెండూ నిలవలేదు. ఇద్దరికీ ఉన్నది పీఆర్, అంటే శాశ్వత నివాసమే గానీ ఇక్కడి పౌరసత్వం లేదు కాబట్టి సర్కారు ఇచ్చే సాయం వీళ్ళ దాకా రాదు. అప్పు తెద్దామని శశికాంత్ అంటే, బిడ్డ పుట్టకముందే వాడి నెత్తిన అప్పు పెట్టను, ఇన్సూరెన్సు ఇస్తే ఇచ్చినట్టు, లేదా ఇంతటితో సరి అని కీర్తిక తేల్చేసింది. ఆమె ఒకసారి తేల్చిందంటే తేల్చినట్టే. తండ్రి పోలిక.

పాస్‌పోర్టు ప్రకారం అని ఎందుకనాల్సి వచ్చిందంటే, కీర్తిక అసలు పుట్టింది ఆ తారీఖుకి తొమ్మిది నెలల తర్వాత, ఏప్రిల్‌లో. బడిలో చేర్చేటప్పుడు తారీఖు తప్పు పడింది. ఆ తప్పు బడి గుమాస్తా దశరథరామయ్యదని ఆమె ఇన్నేళ్ళూ నమ్మింది, ఎందుకంటే తండ్రి అలాగే చెప్పాడు. తీరా పదకొండు రోజుల క్రితం, పుట్టిన రోజు రుజువేదైనా దొరుకుతుందా అని తండ్రి తమ ఊరు బాపట్లకి ఫోను చేస్తే, స్పీకరు పెట్టి ఉందని తెలియని దశరథరామయ్య నిదానంగా అన్నాడు. "అదేంది సార్, ఆ తారీఖు మీరే గదా వేసింది. మీ చేతిరాతే."

వయసు ఒక్క నెల కలపమని కాళ్ళా వేళ్ళా పడ్డ తల్లిదండ్రుల్ని గుమ్మంలోంచే తిప్పి పంపిన హెడ్‌మాస్టరు మధుసూదనరావు. కంచే చేను మేసిందంటే ఇదే.

కీర్తిక కోపం కూడా ఆమెలాగే పద్ధతిగా ఉంటుంది. తండ్రి కాఫీలో చక్కెర మానలేదు. బీపీ మాత్రలు డబ్బాలో వారానికి సర్దడం మానలేదు. మాటే మానింది.

"అమ్మా, నాన్న మాత్ర వేసుకున్నారేమో అడుగు" అంది ఆ ఉదయం కూడా. ఆయన ఆమెకి మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాడు.

"వేసుకున్నానని చెప్పు కమలా" అన్నాడాయన.

కమలాదేవి ఇద్దరి వంకా చూసి, తాను పోస్టాఫీసులో ఉద్యోగానికి రాలేదని, అల్లుడింటికి వచ్చానని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

*

బ్లాకు కింద కాఫీ అంగడిలో యాకూబ్ ఆయనకోసం కుర్చీ మీద జేబురుమాలు వేసి ఉంచాడు. ఇక్కడ అలా వేస్తే ఆ కుర్చీ మనదే, ఎవరూ కూర్చోరు. యాకూబ్‌ది హైదరాబాదు, కొడుకు దగ్గరికి వచ్చి పక్క బ్లాకులోనే స్థిరపడ్డాడు. ఇద్దరికీ ఏడాదిగా పొద్దుటి స్నేహం.

మధుసూదనరావు పూర్తిగా కాకపోయినా సగం చెప్పుకున్నాడు. ఆడపిల్ల చికిత్స సంగతి మింగి, తారీఖు సంగతి మాత్రం చెప్పాడు. యాకూబ్ గ్లాసు కింద పెట్టి నవ్వాడు.

"నాది కూడా జూలై ఒకటే సాబ్. మన జమానాలో సగం మంది ఆ రోజే పుట్టారు. మా అన్నది అదే ఏడు జనవరి ఒకటి. ఆరు నెలల తేడాతో ఇద్దరు కొడుకుల్ని కన్నది మా అమ్మీ, కాగితాల మీద."

మధుసూదనరావుకి కూడా నవ్వొచ్చింది, పదకొండు రోజుల్లో మొదటిసారి. వెంటనే సిగ్గేసింది.

యాకూబ్ గొంతు తగ్గించి, తారీఖు ఎవరికైనా తప్పు పడొచ్చనీ, దాన్ని ఇన్నేళ్ళు బీద గుమాస్తా నెత్తిన రుద్దడమే పిల్ల మనసుని కాల్చి ఉంటుందనీ అన్నాడు. నిజం చెప్పెయ్యమన్నాడు.

చెప్పడానికి నిజం ఉంది. చెప్పే హక్కే తనది కాదు. ఆ మాట మాత్రం మధుసూదనరావు యాకూబ్‌కి కూడా చెప్పలేదు.

*

మరునాడు ఆదివారం. రాత్రి భోజనాల దగ్గర మధుసూదనరావు ఫోను బల్ల మధ్యలో పెట్టాడు. పెట్టడంలో కొంచెం ఠీవి కూడా ఉంది. మునిసిపాలిటీ జననాల రిజిస్టరులో ఒక పేజీ ఫొటో అది. ఏప్రిల్ నాలుగు, ఆడశిశువు, తండ్రి పేరు మధుసూదనరావు, తల్లి కమలాదేవి. డెబ్బై ఎనిమిదేళ్ళ దశరథరామయ్య ఎండలో రెండు రోజులు ఆఫీసు చుట్టూ తిరిగి తీయించి పంపాడు. ఎవరి తప్పు మోశాడో వాళ్ళకోసమే.

"ఇది ఇన్సూరెన్సు వాళ్ళకి చూపిద్దాం బాబూ" అన్నాడు అల్లుడితో. "నలభైకి ఇంకా తొమ్మిది నెలలున్నాయని వాళ్ళే ఒప్పుకుంటారు."

శశికాంత్ వరంగల్ వాడు. మెత్తగా మాట్లాడతాడు, మామగారితో మరీ మెత్తగా. ఆ ఫొటో చాలాసేపు చూసి ఫోను జాగ్రత్తగా వెనక్కి జరిపాడు.

"ఇది అసలు తారీఖే మామయ్యా, ఎవరు కాదన్నరు. కానీ టెన్త్ సర్టిఫికెట్ల, డిగ్రీల, పాస్‌పోర్టుల, ఇక్కడి పీఆర్ కాయితాలల్ల అన్నిట్ల జూలై ఒకటే ఉన్నది. ఇప్పుడు పోయి కాదంటే, మరి ఇన్నేండ్లు తప్పెందుకు రాసిండ్రని అడుగుతరు. ఉన్న ఇన్సూరెన్సు కూడ ఆపుతరు. అన్నీ దిద్దించుకొని వచ్చేసరికి అసలు నలభై కూడ నిండుతయి."

మధుసూదనరావు ఠీవి కాస్తా దిగిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆయన ఎన్ని తరగతులకి చెప్పాడో. అయినా పంతులు కదా, ఓడిపోయినట్టు ఒప్పుకోడు. నిజం ఎప్పటికైనా పనికొస్తుందని ఏదో గొణిగాడు.

అప్పుడు కీర్తిక తలెత్తింది.

"పనికిరాదు నాన్నా. ముప్ఫై అయిదేళ్ళు ఆలస్యంగా తెచ్చావు."

నాన్నా అంది. కోపంగానే అయినా అంది. ఆయన ప్రాణం ఒక్క క్షణం లేచి వచ్చింది.

"ఎందుకు వేశావు ఆ తారీఖు?"

"అప్పట్లో అందరూ అట్టాగే వేయించుకునేవాళ్ళమ్మా."

"అందర్నీ నువ్వు వెనక్కి పంపావు. మా క్లాసులో పద్మావతి వాళ్ళ నాన్న పది రోజులు తక్కువైందని వచ్చి ఏడ్చినా నువ్వు ఒప్పుకోలేదు. ఆ కథ నాకు వందసార్లు చెప్పావు, గొప్పగా. మరి నాకెందుకు వేశావు? తోటివాళ్ళ కన్నా ముందు నీ కూతురు ఫస్టు రావాలనా?"

పెరుగు వడ్డిస్తున్న కమలాదేవి చెయ్యి ఆగింది. మధుసూదనరావు భార్య వంక ఒక్కసారి చూశాడు. ఆవిడ తల దించుకుంది. ఆయన కూడా తల దించుకుని అన్నం కలపసాగాడు. కలిపిందే కలుపుతున్నాడు, ముద్ద నోటికి పోవడం లేదు.

"చెప్పవు" అంది కీర్తిక. "నెలనెలా ఆ ఒక్క రోజు ఎలా గడుస్తుందో నీకు తెలీదు నాన్నా. ఎనిమిదేళ్ళల్లో నేను ఎవరినీ ఏమీ అనలేదు. నా అదృష్టం ఇంతే అనుకున్నా. ఇప్పుడు తెలిసింది, నాకు ఇంకో తొమ్మిది నెలలు టైముందని. అది నువ్వు తీసేసుకున్నావు. ఎందుకో కూడా చెప్పవు."

ఆమె లేచి గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు విసురుగా వేసుకుని ఉంటే బాగుండేది. చప్పుడు కాకుండా మూసుకుంది.

శశికాంత్ మామగారి కంచంలో కొంచెం పెరుగు వేసి, తినండి మామయ్యా, పొద్దున్నకి దిగుతది కోపం అన్నాడు. పిల్లనిచ్చిన మామకి ధైర్యం చెప్పాల్సిన వాడు కాదు అతను. తనకే ఎవరైనా చెప్పాలి. ఆ సంగతి తలుచుకుంటే మధుసూదనరావుకి ఇంకా కష్టంగా అనిపించింది.

*

ఇరవై తొమ్మిదిన కూడా దీపం కీర్తికే వెలిగించింది. వెలిగించి, దండం పెట్టుకోకుండా తిరిగి వచ్చేసింది. ముందురోజు ఇంట్లోనే గర్భం పరీక్ష చేసుకుంటే ఆ ఆశ కూడా లేదని ఒక్క గీత చూపించింది. ఉండాల్సింది లేదు, రావాల్సింది రాలేదు.

సాయంత్రం శశికాంత్ ఆఫీసు నుంచి తొందరగా వచ్చాడు. బూట్లు విప్పకుండానే, ఆసుపత్రికి ఫోన్ చేసి వచ్చిందని చెప్పేద్దామా, రేపు స్కానింగుకి పోదామా అని అడిగాడు. అడుగుతూ మామగారి వంక చూడలేదు.

"లోపలికి చూసేవాళ్ళ దగ్గర అబద్ధం ఎట్లా చెప్తాం శశీ" అంది కీర్తిక. "స్కానింగులో తెలిసిపోతుంది, రక్తంలో తెలిసిపోతుంది." ఆమె గొంతులో కోపం లేదు. అలిసిపోయి ఉంది. అతను ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. వాళ్ళిద్దరూ అలా ఉండగా మధుసూదనరావు లేచి తన గదిలోకి వచ్చేశాడు.

గది తలుపు సరిగా మూసుకోదు. చీకటిపడే వేళకి శశికాంత్ కిందికి వెళ్ళాడు. వంటింటి కిటికీ బయట వెదురు గడల మీద ఆరిన బట్టలు కమలాదేవి లోపలికి లాగి తెచ్చి, హాల్లో కూర్చుని మడతలు పెట్టసాగింది. కీర్తిక కూడా వచ్చి కూర్చుంది. మంచం మీద పడుకున్న ఆయనకి వాళ్ళు కనిపించడం లేదు, బట్టలు దులుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మీ నాన్నని అడగబాకే" అంది కమలాదేవి ఉన్నట్టుండి. "ఆయన చెప్పడు. నేను ఒట్టు వేయించుకున్నా."

బట్టల చప్పుడు ఆగింది.

"నీకో తమ్ముడు పుట్టాల. ఏడో నెల్లో పోయాడు. గుంటూరు ఆసుపత్రిలో నేను రెణ్ణెల్లు మంచం మీదున్నా. మా అమ్మ నా దగ్గర. నిన్ను చూసేవాళ్ళు ఎవరూ లేరు, నాలుగేళ్ళ పిల్లవి. మీ నాన్న రోజూ నిన్ను ఎత్తుకెళ్ళి ఒకటో తరగతి గదిలో కూర్చోబెట్టుకునేవాడు. ఒకరోజు ఇన్‌స్పెక్టరు వచ్చి, రిజిస్టర్లో లేని పిల్ల ఇక్కడెందుకుంది, రేపటి నుంచి కనపడకూడదన్నాడంట. ఆ సాయంత్రం రాశాడు."

మధుసూదనరావు లేచి కూర్చున్నాడు. వద్దు కమలా అనాలనుకున్నాడు.

"ఆ రాత్రి బస్సుకి గుంటూరు వచ్చి నా మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు. పిల్లాడి కోసమనుకున్నా. రిజిస్టర్లో తప్పు రాశానే కమలా అన్నాడు. అంత పిచ్చి మనిషి. పోయిన బిడ్డ మాట ఇంక ఈ ఇంట్లో ఎత్తొద్దని నేనే ఆయన చేత ప్రమాణం చేయించా. ఎత్తితే నేను తట్టుకోలేనని. రిజిస్టర్ సంగతి చెప్పాలంటే వాడి సంగతి చెప్పాల. అందుకని గుమాస్తా మీద పెట్టాడు."

కీర్తిక ఏదో అడిగింది. మాట అందలేదు.

"మళ్ళీ నిలవలా" అంది కమలాదేవి. "పదేళ్ళు చూశాం. ఒక్కత్తేనా, ఒక్కత్తేనా అని ఊరంతా అడిగేది. నీకు ఇదే బాధ వస్తే, నేనూ పడ్డానమ్మా అని ఒక్క మాట అనలేక, ఎనిమిదేళ్ళు నీ పక్కన కూర్చుని నీ తల నిమిరా. నువ్వు కోప్పడాలంటే నా మీద కోప్పడు."

తర్వాత ఎవరో ముక్కు చీదారు. ఆ తర్వాత బట్టలు దులపడం మళ్ళీ మొదలైంది. ఈసారి ఇద్దరూ కలిసి ఒక దుప్పటి మడత పెడుతున్నట్టున్నారు. మధుసూదనరావు గోడవైపు తిరిగి పడుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పిల్లాడికి పేరు కూడా అనుకున్నాడు ఆయన. ఎవరికీ చెప్పలేదు.

*

ముప్ఫయ్యో తారీఖు ఆయన సోఫా మీదికి రావడానికి భయపడ్డాడు. అయినా అలవాటు ప్రాణం, అయిదింటికే వచ్చి కూర్చున్నాడు.

గది తలుపు తెరుచుకుంది. కీర్తిక బయటికి వచ్చింది. జుట్టు తడిగా లేదు, తువ్వాలు లేదు. రాత్రి నలిగిన బట్టలతోనే ఉంది. దేవుడి గూటి వైపు వెళ్ళకుండా సోఫాకి కాస్త ఎడంగా ఆగిపోయింది. ఆయన ఫోనులో లేని పేపరు మీదికి తల వంచాడు.

"నాన్నా."

ఆయన తలెత్తాడు.

"ఇవాళ దీపం నువ్వు వెలిగించు."

ఒక్క నిమిషం ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యాక సోఫా చెయ్యి పట్టుకుని లేచాడు. తల్లి పక్క గదిలోనే ఉంది. లేపితే ఆవిడే వెలిగించేది. కూతురు వచ్చి తనకే చెప్పింది. పెళ్ళయిన నలభై రెండేళ్ళలో దేవుడి పనంతా కమలదే. ఆయనకి ఒత్తి ఎంత నూనెలో నానాలో కూడా తెలియదు. రెండు అగ్గిపుల్లలు విరిగాయి. మూడోది వెలిగింది. వెనక నుంచి కీర్తిక, ఒత్తి కొంచెం ముందుకి లాగు నాన్నా అని చెబుతోంది. లాగాడు. వేలు కాలింది. అయినా బాగుంది.

చప్పుడుకి కమలాదేవి వచ్చింది, శశికాంత్ వచ్చాడు. గూటి ముందు నిలబడ్డ మనిషిని చూసి ఇద్దరికీ సంగతి తెలిసిపోయింది. కమలాదేవి గోడకి ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శశికాంత్ ముఖంలో నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. గోడ మీద లిటిల్ ఇండియాలో కొన్న తెలుగు క్యాలెండరు వైపు నడిచి, వేలు పెట్టి ఒక గడి ముందుకి జరిపాడు. ఇవాళ మొదటి రోజు. స్కానింగు రెండో రోజున. రెండో రోజు రేపు. రేపు జూలై ఒకటి.

కాఫీ ఎవరు పెట్టారో, ఎవరు తాగారో తెలియదు. ఎనిమిదింటికి ఆసుపత్రి ఫోను తెరుస్తారు. ఏడూ యాభై ఎనిమిదికి నలుగురూ భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. మధ్యలో ఫోను. స్పీకరు మీద.

లత అనే నర్సు ఎత్తింది. రెండుసార్లు చికిత్స అప్పుడూ ఆమే. కీర్తిక పేరు చెప్పగానే గుర్తుపట్టి, ఇంగ్లీషులో ఆప్యాయంగా పలకరించింది. నెలసరి వచ్చిందని కీర్తిక చెప్పింది. చాలా సంతోషం అని, ఏదో తెరుస్తున్నట్టు చప్పుడు చేసి అడిగింది లత.

"మొదటి రోజు ఎప్పుడని రాసుకోను? నిన్నా, ఇవాళా? నిన్నయితే ఇవాళే రావచ్చు. ఇవాళయితే రేపు పొద్దున్నే పెడతాను."

శశికాంత్ మాట్లాడకుండా చూపుడువేలు వెనక్కి తిప్పాడు. నిన్న. ఒక్క మాట. ఒక్క రోజు. ఈసారి స్కానింగుకీ తెలియదు, రక్తానికీ తెలియదు. కమలాదేవి కళ్ళు మూసుకుంది. ఆవిడ కూడా మనసులో నిన్న అనే అంటోందని ఆయనకి తెలుసు. మధుసూదనరావు కూడా అదే అంటున్నాడు. అమ్మా, నిన్న అను. ఏం కాదు, అనెయ్యి.

కీర్తిక ఫోనుని బల్ల మీద నెమ్మదిగా తండ్రి వైపు జరిపింది.

"నాన్నా, తారీఖు అడుగుతోంది" అంది. "నువ్వు చెప్పు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆయన కూతురి ముఖం చూశాడు. లేదు. నాలుగేళ్ళప్పుడు బడికి వెళ్తూ వేలు పట్టుకుని పైకి చూసినట్టు చూస్తోంది. ఆయన ఏం చెబితే అదే.

ఆయన ఫోను దగ్గరికి జరుపుకున్నాడు. ఆనాడు ఆ రిజిస్టరు మీద రాసేటప్పుడు చెయ్యి వణకలేదు. రాశాక వణికింది, ఆ వణుకు ఇప్పటికీ పోలేదు. రేపెప్పుడైనా పుట్టే బిడ్డకి, నీ లెక్క కూడా ఒక తప్పు తారీఖుతోనే మొదలైందని తన నోటితో తాను చెప్పలేడు. అలాగని నిజం చెప్పి ఆ బిడ్డనే పోగొడితే?

"సిస్టర్, నేను కీర్తిక తండ్రిని" అన్నాడు తన పాత హెడ్‌మాస్టరు ఇంగ్లీషులో. "ఇవాళే. పొద్దున అయిదింటికి. అదే రాసుకోండి."

శశికాంత్ తల పట్టుకున్నాడు.

"కానీ మా అమ్మాయిని ఇవాళే చూడాలి. మీ డాక్టరుగారిని అడగండి. మొదటి రోజున చూడటానికి వీలుంటుందేమో అడగండి. ఎన్ని గంటలైనా వచ్చి కూర్చుంటాం." ఆయన ఫోను మీదికి వంగాడు. "రేపు మా అమ్మాయి పుట్టినరోజు."

పుట్టినరోజు కాదు. అది ఆ గదిలో నలుగురికీ తెలుసు. ఒక నిజాన్నీ ఒక అబద్ధాన్నీ పక్కపక్కన పెట్టి ఆ పెద్దమనిషి ఫోను ముందు చేతులు జోడించాడు, అవతల వాళ్ళకి కనపడదని మరిచిపోయి.



"ఒక్క నిమిషం అంకుల్" అంది లత. ఫోనులో ఏదో పాట మొదలైంది.

కీర్తిక కుర్చీ జరుపుకుని తండ్రి పక్కకి వచ్చింది. ఆయన కాలిన వేలు తన చేతిలోకి తీసుకుని, మంచినీళ్ళ గ్లాసులో ముంచి పట్టుకుంది. వేలు ఎర్రగా ఉందనీ, దీపం వెలిగించడం కూడా రాని మనిషి హెడ్‌మాస్టరు ఎలా అయ్యాడనీ అంది. తల ఆయన భుజం మీద వాల్చేసింది.

గూట్లో దీపం ఇంకా వెలుగుతోంది. కమలాదేవి లేచి అందులో నూనె పోసింది.

పాట ఆగింది. అవతల ఎవరో ఫోను తీసుకుని కీర్తికని పేరు పెట్టి పిలిచారు. అది లత గొంతు కాదు, డాక్టరుగారిది.